గోవిందప్ప నాయకన్ వీధి పిచ్చుకలు

నాయన తద్దినానికి కావలసిన బియ్యం, పెసరపప్పు, నువ్వులు అన్నీ చెన్నైలో మా అన్నానగర్ ఇంటి కింద షాపులోనే దొరుకుతాయి. అయినా ఈసారి పాత మండీ వీధికే వెళ్లి తేవాలనిపించింది. సెంట్రల్లో మెట్రో మారి, మన్నడిలో దిగి, ఆ సందుల్లో దారి అడగకుండానే నడిచాను. గోవిందప్ప నాయకన్ వీధిలో ఒక కొట్టు మెట్టెక్కగానే వాసన తగిలింది. కొత్త గోనెసంచి, తవుడు, ఎండుమిరపకాయల ఘాటు, ఎక్కడో అడుగున కాస్త ముక్కిన పప్పు, అన్నీ కలిసిన వాసన. అది మా నాయన చొక్కా వాసన. రాత్రి తొమ్మిదింటికి కొట్టు మూసి వచ్చి, చొక్కా విప్పి కొక్కేనికి తగిలిస్తే వసారా అంతా నిండిపోయేది. ఆయన పోయాక ఆ చొక్కాలు ఉతికి ఎవరెవరికో ఇచ్చేశాం. ఒక్కటైనా ఉతక్కుండా ఉంచుకుని ఉండాల్సింది.

అలా నిలబడిపోయి ఉంటే పైన ఎక్కడో కిచకిచమని వినిపించింది. తలెత్తి చూస్తే ఇనప దూలానికీ గోడకీ మధ్య సందులోంచి ఒక పిచ్చుక తల బయటపెట్టి చూస్తోంది. మగది. గొంతు కింద మసి పూసినట్టు నల్లగా ఉంది. అది కిందికి దిగి, నాకు రెండడుగుల దూరంలో సజ్జల సంచి అంచు మీద వాలింది. ఒక గింజ తీసుకుని, వెంటనే మింగకుండా ముక్కులో అటు జరిపి ఇటు జరిపి నొక్కింది. పైపొర ముక్కు పక్కనుంచి రాలి పడింది. లోపలిది మింగి మళ్లీ ఇంకోటి. ఇన్నేళ్లుగా పిచ్చుక గింజ తినడం దగ్గర నుంచి చూడలేదని అప్పుడు గుర్తొచ్చింది. మా ఇంట్లో అది రోజూ నడిచే పనే, ఎవరం ప్రత్యేకంగా చూసేవాళ్లం కాదు.

*

మాది నాయుడుపేట దగ్గర ఊరు. తాత కాలంలో ఒకరి వెంట ఒకరుగా మద్రాసు వచ్చి బియ్యం వ్యాపారంలో పడ్డవాళ్లలో మావాళ్లూ ఉన్నారు. కొత్వాల్ చావిడి చుట్టుపక్కల వీధుల్లో అప్పట్లో సగం మాటలు తెలుగే. కూరగాయల బండివాడితో అరవంలో బేరమాడి, పక్క కొట్టాయనతో తెలుగులో ధర చెప్పుకుని, మింట్ వీధి సేట్లతో వచ్చీరాని హిందీలో లెక్క తేల్చేవాళ్లు.

మా ఇల్లు మండీకి రెండు సందుల అవతల. వీధివైపు సన్నగా ఉండి లోపలికి వెళ్తే పొడుగ్గా సాగే ఇల్లు. మధ్యలో ఆకాశం కనిపించే ముంగిలి. మిద్దెకి టేకు దూలాలు, వాటి మీద నిలువుగా పేర్చిన సన్న ఇటికలు. అక్కడక్కడా ఇటిక ఊడిపోయి బొక్కలు పడేవి. నాయన ప్రతి ఏడూ మేస్త్రీని పిలవాలనేవాడు, అవ్వ వద్దనేది. "వాటి ఇళ్లు అవి. మనకు కారితే అప్పుడు చూద్దాం" అనేది. నిజంగా కారేది కూడా. నవంబరు వానలకి ఆ బొక్క కింద ఇత్తడి గంగాళం పెట్టేవాళ్లం.

దూలాల్లో మాత్రమే కాదు, వాటికి చోటు లేనిదెక్కడ? మేకులకి ముందుకు వాల్చి తగిలించిన దేవుడి పటాల వెనక ఒక గూడు ఎప్పుడూ ఉండేది. వెంకటేశ్వరస్వామి పటం వెనక నుంచి గడ్డిపరకలు వేలాడుతుంటే పూజ చేసేటప్పుడు అమ్మ వాటిని లోపలికి తోసేది, లాగేసేది కాదు. కరెంటు మీటరు చెక్క వెనక ఒకటి. ట్యూబులైటు పట్టీకీ గోడకీ మధ్య ఒకటి. గూట్లో ఏముందో చూడాలని నేనూ అక్కా ఒకసారి స్టూలెక్కి చూశాం. ఎండు గడ్డి, చీపురు పుల్లలు, దూది, గోనె పీచు, అక్క రిబ్బను ముక్క, మండీలో బిల్లులు కట్టే దారం. మధ్యలో నాలుగు గుడ్లు, బూడిద రంగు చుక్కలతో. అవ్వ కేకేసింది, దిగిపోయాం.

తెల్లవారుజామున చీకటి ఇంకా పోకముందే మొదలయ్యేవి. ముందు ఒక్కటి, కాసేపటికి ఇంకోటి, తర్వాత ముంగిలంతా. ఆ వెనకే వీధి చివర కార్పొరేషన్ చేతిపంపు కీచుమని మోగేది, బిందెలు వరస తీరేవి, మూటలు మోసేవాళ్లు చేతిబళ్లు లాగుతూ "ఓరం, ఓరం" అని అరుచుకుంటూ పోయేవాళ్లు. అలారం గడియారం మా ఇంట్లో ఉండేది కాదు. పరీక్షలప్పుడు "పిచ్చుకలు లేచాక లేస్తాలే" అని చెప్పి పడుకుంటే అమ్మ ఒప్పుకునేది.

అద్దంతో వాటికి పెద్ద గొడవ. ముంగిట్లో గడ్డం గీసుకోవడానికి నాయన తగిలించిన అద్దం ముందు ఒక మగపిచ్చుక రోజంతా పోట్లాడేది. తన బొమ్మనే ఎవడో పగవాడనుకుని ముక్కుతో టకటకా కొట్టి, అలసిపోయి, అవతలికెళ్లి వచ్చి మళ్లీ కొట్టేది. గడ్డం అయిపోగానే అద్దం మీద తువ్వాలు కప్పడం నాయనకు అలవాటైపోయింది. ఈ ఫ్లాటుకొచ్చాక కూడా చాలా కాలం కప్పేవాడు. ఎందుకని నా భార్య అడిగితే ఏం చెప్పాలో ఆయనకు తోచలేదు.

ఇక ఫ్యాను. మా ఇంట్లో అందరికీ వచ్చిన కేక ఒకటుంది, "ఫ్యాను ఆపండి, పిచ్చుకొచ్చింది!" ఎవరు ఏ పనిలో ఉన్నా ఆ కేక వినగానే స్విచ్చు దగ్గరున్నవాళ్లు ఆపాల్సిందే. ఆ పాత ఫ్యాను ఆపినా వెంటనే ఆగేది కాదు, ఇంకో అర నిమిషం ఊగుతూ తిరిగేది, అది నిలిచేదాకా ఎవరికీ ఊపిరాడేది కాదు. ఒకసారి మధ్యాహ్నం అందరూ నిద్రలో ఉండగా టప్పుమని చప్పుడైంది. లేచి చూస్తే నేల మీద ఒక ఆడపిచ్చుక. నోట్లో ఇంకా ఒక ఆకుపచ్చ పురుగు ఉంది. నాయన దాన్ని కాగితంలో చుట్టి తులసికోట పక్కన పూడ్చాడు. అప్పుడు కత్తెర ఎండలు. ఆ గూట్లో పిల్లలున్నాయి, మిగిలిన మగది ఒక్కటే తిరుగుతోంది. పిల్లలు ఎగిరిపోయేదాకా, అంటే దాదాపు రెండు వారాలు, పగలంతా ఆ గదిలో ఫ్యాను వేయనివ్వలేదు నాయన. కొట్టు నుంచి భోజనానికి వచ్చి, చెమటలు కారుతూ, విసనకర్రతో విసురుకుంటూ తిని వెళ్లేవాడు.

ఆ ఆకుపచ్చ పురుగు సంగతి నాకు చాలా కాలానికి అర్థమైంది. దానికంటే ముందు ఇంకొకటి చెప్పాలి. ఒక పిల్ల గూట్లోంచి పడింది, కళ్లు అప్పుడే తెరిచింది, ఒంటి మీద ఈకలు సరిగా లేవు. నేనూ అక్కా దాన్ని అట్టపెట్టెలో దూది వేసి పెట్టి, మెత్తటి అన్నం మెతుకులు, పాలు పట్టాం. మనం ముట్టుకుంటే మిగతావి పొడిచి చంపేస్తాయని ఎవరో చెబితే గూట్లో తిరిగి పెట్టలేదు. తెల్లారేసరికి చచ్చిపోయింది. తర్వాత తెలిసింది, మనిషి ముట్టినంత మాత్రాన తల్లి పిల్లను వదిలెయ్యదు, మెల్లగా ఎత్తి గూట్లో పెట్టేసి ఉంటే సరిపోయేది. పైగా పెద్ద పిచ్చుకలు గింజలు తింటాయి గానీ పసిపిల్లలకు మొదటి రోజుల్లో మెత్తటి పురుగులే కావాలి. మేం అన్నం పెట్టి దాని కడుపు నింపామనుకున్నాం. ఈ వయసులో కూడా ఆ అట్టపెట్టె గుర్తొస్తే మనసు అదోలా అవుతుంది.

*

మండీలో నాయన కూర్చునే చోటు నాకు బాగా ఇష్టం. పట్టెమంచం లాంటి చెక్క బల్ల, దాని మీద పరుపు, ముందు వాలు పెట్టె. లారీ దిగిన సంచుల్ని గోడవారగా వరసలు పేర్చేవాళ్లు. ఏ సంచిలో ఏ రకం ఉందో చూడ్డానికి కొస మొనదేలి ఉన్న ఇనప గొట్టాన్ని సంచి పక్కన పొడిచి లాగితే గుప్పెడు బియ్యం అందులోకి వచ్చేవి. నాయన వాటిని అరచేతిలో పోసుకుని, ఊది, రెండు గింజలు పంటి కింద వేసి, ధర చెప్పేవాడు. గొట్టం తీశాక గోనెలో ఆ చిల్లు అలాగే ఉండేది. దాంట్లోంచి సన్నగా, ధారగా కూడా కాదు, ఒక్కో గింజా రాలుతూ ఉండేది. కొక్కేలతో సంచి లాగినప్పుడు ఇంకో చిల్లు. సాయంత్రానికి కొట్టు ముందు నేల తెల్లగా కనిపించేది.

అది పిచ్చుకల అన్నం. సంచుల మీద, తక్కెడ పళ్లెంలో, లెక్కల పుస్తకం మీద కూడా తిరిగేవి. రాలినవాటిని ఊడ్చి ఒక ముసలమ్మ చేటతో చెరిగి, నూకలు వేరు, రాళ్లు వేరు చేసి, కొంత తీసుకెళ్లేది. చెరిగేటప్పుడు ఎగిరే తవుడు కోసం పిచ్చుకలు ఆమె చుట్టూ కూర్చునేవి. ఇళ్లల్లోనూ అంతే. వారానికొకసారి అమ్మ ముంగిట్లో కూర్చుని బియ్యం చెరిగేది, ఏరేది. పురుగు, వడ్లగింజ, నూక, అన్నీ పక్కకి విసిరేస్తే అవి అక్కడికక్కడే మాయమయ్యేవి.

ఇప్పుడు ఆ కొట్లో చూశాను. బియ్యం ఇరవయ్యారు కిలోల నైలాన్ సంచుల్లో యంత్రంతో కుట్టి వస్తున్నాయి. రాళ్లుండవు, పురుగుండదు, నూకా ఉండదు, ఒక్క గింజ రాలదు. ఇంట్లో చేట ఎక్కడుందని అడిగితే మా పాపకు తెలియదు. సజ్జలు, కొర్రలు లాంటివి మాత్రం ఇంకా గోనెసంచుల్లో మూతులు విప్పి పెట్టారు. పిచ్చుకలున్నది ఆ వైపే.

*

సంక్రాంతికి సెంట్రల్లో ప్యాసింజరు ఎక్కి ఊరెళ్లేవాళ్లం. తాత కోత రోజుల్లోనే మంచి వరి కంకులు ఏరి, జడలా అల్లి, కుచ్చులా కట్టి వసారా దూలానికి వేలాడదీసేవాడు. గుడి మండపంలోనూ ఒకటి కట్టేవాడు. పొలంలో పిచ్చుకల్ని అదిలించి తోలేవాడు ఇంట్లో వాటికి కట్టిపెట్టడం ఏంటని అడిగితే, "పొలంలోది నా వాటా, ఇది వాటి వాటా" అన్నాడు. ఒక ఏడాది నేను ఏడ్చి ఒక కుచ్చు మద్రాసు తెచ్చుకున్నాను. రైల్లో ఒళ్లో పెట్టుకుని, ఎవరి చెయ్యి తగిలినా గింజలు రాలతాయని అక్కతో పోట్లాడుతూ వచ్చాను. ముంగిట్లో కడితే రెండు రోజుల్లో ఒట్టి గడ్డి మిగిలింది. ఆ గడ్డి కూడా మూడో రోజు పటాల వెనక్కి చేరింది.

*

ఎప్పుడు పోయాయి? దీని మీద నాకూ అక్కకీ ఇప్పటికీ కుదరదు. ఒక మనిషి పోతే తిథి గుర్తుంటుంది. పిచ్చుకలు పోయిన రోజు ఎవరూ రాసుకోలేదు, మేమూ రాసుకోలేదు.

1996లో కొత్వాల్ చావిడి కూరగాయల మార్కెట్టు కోయంబేడుకి తరలిపోయింది. ఆ వీధుల్లో కుళ్లిన కూరల గుట్టలు, వాటి మీద ముసిరే ఈగలూ పురుగులూ పోయాయి, అందరం హాయిగా ఊపిరి పీల్చుకున్నాం. బియ్యం వ్యాపారులు కూడా కొందరు రెడ్ హిల్స్ వైపు వెళ్లిపోయారు. అన్నదమ్ముల పంపకాల్లో మా ఇల్లు అమ్మేశారు. కొన్నవాళ్లు పడగొట్టి మూడంతస్తులు లేపారు, నున్నటి సిమెంటు గోడలు, అల్యూమినియం కిటికీలు. మేం అన్నానగర్ వచ్చాం. కొత్తలో మా బాల్కనీలో కూడా నాలుగైదు వాలేవి, అప్పుడు ఎదురుగా ఖాళీ స్థలం, తుమ్మచెట్లు, గడ్డి ఉండేవి. ఆ స్థలంలో అపార్టుమెంట్లు లేచాక రావడం మానేశాయి. లేదా అంతకు ముందే మానేశాయేమో, నేను ఉద్యోగం గొడవలో పడి చూసుకోలేదు. నాకు బాధ కలిగించేది ఇదే, అవి పోవడం కన్నా నేను గమనించకపోవడం.

2012లో సిటిజన్ స్పారో అని దేశమంతా ఒక సర్వే చేశారు. పక్షుల నిపుణులు అందులో అడిగినవి మామూలు మనుషుల జ్ఞాపకాలే. మీ చోట అప్పుడు పిచ్చుకలుండేవా, ఇప్పుడున్నాయా, గూళ్లు చూశారా అని. పాత లెక్కలు ఎవరి దగ్గరా లేవు కాబట్టి జ్ఞాపకాలనే పోగు చేశారు. దేశం నలుమూలల నుంచి 10,000కు పైగా వివరాలు వచ్చాయి. నేనూ ఆ ఫారం నింపాను. మండీ ఇంట్లో ఎన్ని ఉండేవని అక్కకు ఫోన్ చేస్తే యాభై అంది. నాకు గుర్తున్నంత వరకు ఇరవై. నాయన పక్కనుంచి విని "పిచ్చుకల్ని లెక్కపెట్టేవాళ్లా ఎవరన్నా, గింజల్ని లెక్కపెట్టేవాళ్లం గానీ" అన్నాడు.

2020లో దేశంలోని పక్షుల స్థితి మీద పెద్ద నివేదిక వచ్చింది. వేలమంది పక్షుల్ని చూసి ఏళ్ల తరబడి రాసిపెట్టిన జాబితాలను కలిపి, 867 జాతుల గురించి తేల్చారు. పిచ్చుకల పేజీ చదివి నాకు ముందు నమ్మకం కలగలేదు. గత పాతికేళ్లకు పైగా దేశం మొత్తం మీద పిచ్చుకల సంఖ్య దాదాపు నిలకడగానే ఉందన్నారు. తర్వాతి వాక్యంలో మా సంగతి ఉంది. చెన్నై, బెంగళూరు, ఢిల్లీ, హైదరాబాద్, కోల్‌కతా, ముంబయి, ఈ ఆరు నగరాల్లో మెల్లమెల్లగా తగ్గుతున్నాయని. అంటే పిచ్చుక జాతి అంతరించిపోలేదు. మా ఊళ్లో ఉంది, తాత ఇంటి వసారాలో ఇప్పటికీ ఉంది. మేమున్న చోట లేదు.

కారణం అడిగితే మా చిన్నాయన ఒకటే మాట, సెల్ టవర్లు. పెళ్లిళ్లలో, పేరంటాల్లో, ఎవరన్నా పిచ్చుక అంటే చాలు, టవర్ల మీద పడతాడు. నేనూ చాలా ఏళ్లు అలాగే నమ్మాను. కానీ ఆ నివేదికలో టవర్లకు గట్టి ఆధారం లేదనే రాశారు. పిల్లల మేతకు పురుగులు తగ్గడం, గూటికి చోటు దొరక్కపోవడం, వీటి వైపే వేలు చూపించారు. ఇంగ్లండులోనూ 1970ల నుంచే పిచ్చుకలు తగ్గుతూ వచ్చాయి, అప్పటికి సెల్‌ఫోన్ ఎక్కడిది? 2002లో అక్కడ వాటిని ప్రమాదంలో ఉన్న పక్షుల ఎర్ర జాబితాలో చేర్చారు. అక్కడ లెస్టర్ అనే ఊళ్లో గూళ్లను పరిశీలించినవాళ్లు, పురుగులు చాలక పిల్లలు గూట్లోనే చనిపోతున్నాయని గమనించారు. అది చదువుతుంటే మా అట్టపెట్టె, ఫ్యాను కింద పడ్డ తల్లి నోట్లోని ఆకుపచ్చ పురుగు, రెండూ ఒకేసారి గుర్తొచ్చాయి. చిన్నాయనకు ఇదంతా చెప్పాను. "నువ్వు చదువుకున్నవాడివి, నీ మాట కాదనను, కానీ టవరు రాకముందు ఉండేవి కదా" అన్నాడు. టవరు రాకముందు ముంగిలి కూడా ఉండేది చిన్నాయనా అన్నాను.

ఇంకో విషయం కూడా ఉంది. పిచ్చుక దూరాలు పోయే పక్షి కాదు. పుట్టిన చోటుకి కిలోమీటరు రెండు కిలోమీటర్ల లోపే బతుకంతా గడిపేస్తుంది. కాబట్టి ఒక పేటలో పూర్తిగా పోయాక, పక్క పేట నుంచి వచ్చి నింపాలంటే ఆ మధ్య దారిలో కూడా చెట్టూ పొదా గింజా ఉండాలి. అన్నానగర్ బాల్కనీలో నేను తగిలించిన చెక్క గూడు నాలుగేళ్లుగా ఖాళీగా ఎందుకుందో అర్థమైంది. ఉత్తర చెన్నైలో బడిపిల్లల చేత ఇలాంటి గూళ్లు చేయించి ఇళ్లకు తగిలిస్తుంటే వాటిలో పిచ్చుకలు చేరుతున్నాయని విన్నాను. అక్కడ ఇంకా పిచ్చుకలు మిగిలున్నాయి కాబట్టే చేరుతున్నాయని నా నమ్మకం. మిగిలున్న చోటనే ముందు కాపాడుకోవాలి.

*

ఏటా పొంగల్ సెలవుల్లో ఈ రాష్ట్రంలో పక్షుల లెక్కింపు జరుగుతుంది. కనీసం పదిహేను నిమిషాలు ఒక చోట నిలబడి, చూసినవి చూసినట్టు రాసి పంపాలి. నేనూ మా పాపా మిద్దె మీదికెళ్లి రాస్తాం. కాకులు, పావురాలు, గోరింకలు, రామచిలుకలు, అప్పుడప్పుడు గరుడపక్షి. పావురాలు ఏటికేడు పెరుగుతున్నాయి. పిచ్చుక గడి ఎప్పుడూ ఖాళీయే. ఏమీ కనిపించలేదని రాయడం కూడా లెక్కే అని పాపకు చెబుతాను, అది నమ్మకంగా తలూపుతుంది. దానికి పిచ్చుకంటే బొమ్మల పుస్తకంలో ఉన్నదే. ఇసకలో పాదం పెట్టి పిచ్చుక గూడు కట్టడం మెరీనాలో నేర్పాను. ఇందులో పిచ్చుక ఎలా పడుతుంది అని అడిగింది.

మండీ వీధి కొట్టాయన మా నాయనకు తెలిసినవాళ్ల అబ్బాయే. నేను ఎవరి కొడుకునో చెప్పగానే లేచి నిలబడి, "శెట్టిగారి చిన్నబ్బాయా, కూర్చో అన్నా" అని స్టూలు వేశాడు. కాఫీ తెప్పించాడు. బియ్యం కట్టేలోపు ఫోన్లో గడియారం పెట్టుకుని పదిహేను నిమిషాలు లెక్కపెట్టాను. పదకొండు పిచ్చుకలు. దూలం సందులో ఒక గూడు కచ్చితంగా, బోర్డు వెనక ఇంకోటి అనుమానం. "షట్టరు దింపేటప్పుడు పైన ఒక బెత్తెడు వదుల్తాం అన్నా, మా నాన్న పెట్టిన పద్ధతి, లేకపోతే పొద్దునదాకా లోపలే అరుస్తుంటాయి" అన్నాడు. ఆ షట్టరు తొందరలో మార్చేస్తున్నామని, కొత్తది మోటారుతో పూర్తిగా మూసుకుంటుందని కూడా అన్నాడు. పైన గోడలో ఒక ఇటిక తీయించి బొక్క వదలమని అడిగాను. మేస్త్రీతో చెబుతానన్నాడు. మళ్లీ వెళ్లి చూసొస్తాను.

వచ్చేముందు ఆ కిచకిచలు ఫోన్లో రికార్డు చేశాను. ఇంటికొచ్చి పాపకు వినిపిద్దామని పెట్టాను. అమ్మ పక్క గదిలో మంచం మీద పడుకుని ఉంది. ఆమెకిప్పుడు చూపు సరిగా ఆనదు, సగం రోజు నిద్రే, ఒక్కోసారి ఏ ఇంట్లో ఉన్నామో కూడా తెలియదు. పిచ్చుకల చప్పుడు రెండు మూడు క్షణాలు మోగిందో లేదో, అమ్మ చేతి మీద ఆనుకుని లేవబోయింది.

"అబ్బయా, ఫ్యాను ఆపు" అంది, గాభరాగా.

పాప నావైపు చూసింది. నేను లేచి వెళ్లి ఫ్యాను ఆపాను.